వణకుచు వచ్చి చెప్పుకొనిన స్త్రీ

వాక్యభాగములు: మార్కు 5:25-34, ఆదికాండము 18:9-15



ఈ నెల మేము మీ ముందుంచు సంగతి దేవాలయములో ఎవరును ఎత్తని సంగతి. నలువదియైదు, ఏబది యేండ్ల ప్రాయములో బహిష్టు నిలిచిపోవు కాలమున మన తల్లులకును అక్కచెల్లెండ్రకును కలుగు గుండెదడ, కండ్లు తిరుగుట, కారణము తెలియని భయము, వీటిని గూర్చియే నేటి ధ్యానము. పురుషులు ఇది మనకు సంబంధించినది కాదని పుట తిప్పివేయవద్దని మొదటనే వేడుకొనుచున్నాము. మీ యింటిలో ఈ వయస్సు స్త్రీ ఒకతె యుండవచ్చును. ఆమె మీతో చెప్పలేని మాట ఈ పుటలో నుండవచ్చును.

పెనుకొండకును ధర్మవరమునకును నడుమనున్న ఒక పల్లెలో జరిగిన సంగతి చెప్పెదము. ఆదివార ఆరాధన ఎన్నడును మానని ఒక సహోదరి కొన్ని వారములుగా కనబడలేదు. ఆమె భర్త మాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, మా ఇంటామెకు ఊరికే బయం పట్టుకునింది, ప్రార్థన చేయండి” అని అడిగెను. మేము ఏమియు విచారింపలేదు. ఆమెను మూడు దినములు ఉపవాసముండి ప్రార్థించుమని చెప్పి పంపితిమి.

నెల గడచినను ఆమె రాలేదు గనుక మేమే వారి యింటికి వెళ్లితిమి. మాలో ఒకరు వాకిట ఇంటాయనతో మాట్లాడుచుండగా, పాస్టరమ్మగారు వంటయింటిలో ఆమె ప్రక్కను కూర్చుండిరి. కొంతసేపు వేరుశెనగ కాయలు ఒలుచుచు ఊరకుండి, పిమ్మట ఆమె మెల్లగా ఇట్లు చెప్పెను:

“రాత్రి నిద్దర్లో ఉలిక్కిపడి లేస్తానమ్మా. గుండె దడదడా కొట్టుకుంటాది. ఒళ్లంతా మంటలు లేసినట్లయి చెమట పడతాది. పొద్దున నీళ్ల బిందె ఎత్తితే కండ్లు తిరుగుతాయి. గుడిలో నిలబడి పాట పాడేటప్పుడు పడిపోతానేమో అని బయం. అందుకే రాలేదు. ఎవరికన్నా చెప్తే దయ్యం పట్టిందంటారు. లేకుంటే విశ్వాసం లేదంటారు.”

ఇంకొక మాటయు చెప్పెను. ఉపవాసపు మూడవ దినమున కొళాయి దగ్గర ఆమె స్పృహ తప్పి పడినది. దానిని ఆమె మామీద నేరముగా చెప్పలేదు. “నాకు విశ్వాసం చాలక పడిపోయినా” అని చెప్పెను. ఆ మాట మా గుండెలో ముల్లువలె గ్రుచ్చుకొనెను. రోగికి ఆహారము పెట్టవలసిన చోట మేము ఉపవాసము విధించితిమి. ఆమె మాట వినవలసిన చోట ఆమె భర్త చెప్పిన ఒక్క మాట విని ఊరకుంటిమి. ఆ దినమున ఇంటికి తిరిగివచ్చి మేము మార్కు సువార్త 5వ అధ్యాయమును మరల చదివితిమి. ఆ చదువుటలో మాకు దొరికినదానినే మీతో పంచుకొనుచున్నాము.

మొదటిది: వాక్యము ఈ సంగతిని దాచలేదు.

ఆదికాండము 18వ అధ్యాయములో దేవుడు అబ్రాహాము గుడారమునకు అతిథిగా వచ్చిన వృత్తాంతమున్నది. అక్కడ గ్రంథకర్త 11వ వచనములో శారాకు స్త్రీలకు కలుగు నెలసరి క్రమము నిలిచిపోయినదని స్పష్టముగా వ్రాసియున్నాడు. పితరుల గొప్ప చరిత్రలో, వాగ్దానము ఇయ్యబడు ఘడియలో ఈ మాట వ్రాయుటకు ఆయన సిగ్గుపడలేదు. దానిని శాపమని గాని పాపఫలమని గాని అనలేదు. వయస్సుతో వచ్చు మార్పుగా దానిని చెప్పెను. శారా గుడారపు ద్వారమునొద్ద లోలోపల నవ్వుకొని, అడిగినప్పుడు భయపడి నవ్వలేదనెను. దేవుడు ఆమె భయమును చూచి ఆమెను విడిచిపెట్టలేదు. ఆమె వాడిపోయిన దేహమును గూర్చియే ఆయన ఆ దినమున మాటలాడెను.

కీర్తనకారుడును 38వ కీర్తన 10వ వచనములో తన గుండె అదురుచున్నదనియు, బలము తగ్గినదనియు, కన్నుల వెలుగు పోయినదనియు దేవునికి మొఱపెట్టుకొనెను. గుండెదడ, నీరసము, కండ్లు మసకబారుట అను మూడును ఆ ఒక్క వచనములో నున్నవి. ఆయన ఆ మొఱను భక్తిహీనతగా ఎంచి దాచియుంచలేదు. సంఘమంతయు చదువు కీర్తనగా అది మనకు ఇయ్యబడెను. కాబట్టి, అమ్మా, నీ గుండె దడదడ కొట్టుకొనుట అవిశ్వాసమునకు గురుతు కాదు.

రెండవది: ఈ బాధ ఊహ కాదు, దేహములో దానికి కారణమున్నది.

స్త్రీ దేహములో అండాశయములు ఈస్ట్రోజెన్ అను రసమును పుట్టించును. నలువది దాటిన పిమ్మట అది క్రమముగా తగ్గక, ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువగా ఊగిసలాడి తుదకు అణగిపోవును. పండ్రెండు నెలలు వరుసగా బహిష్టు రాకపోయిన యెడల అది నిలిచిపోయినదని వైద్యులు చెప్పుదురు. మన దేశపు స్త్రీలకు ఇది సగటున 46, 47 ఏండ్లకే వచ్చును. పాశ్చాత్య దేశములలో సుమారు 51 ఏండ్లకు. దానికి ముందు కొన్ని యేండ్లును, తరువాత కొన్ని యేండ్లును ఈ అలజడి యుండవచ్చును.

ఆ రసము ఊగిసలాడునప్పుడు దేహపు వేడిని అదుపులో నుంచు మెదడు భాగము కలత చెందును. ఒంటికి నిజముగా వేడి లేకున్నను వేడి యున్నదని తలంచి, చర్మములోని రక్తనాళములను విప్పును, చెమట పట్టించును, గుండెను త్వరపెట్టును. దానినే మన స్త్రీలు ఆవిర్లు అని చెప్పుదురు. సాధారణముగా అది కొన్ని నిమిషములలో తగ్గును. అయితే అది రాత్రివేళ వచ్చి నిద్ర చెరుపును. నిద్ర లేని మనస్సులో భయము పుట్టును. భయము గుండెను మరల పరుగెత్తించును. ఆ పరుగు చూచి భయము ఇంకను పెరుగును. గానుగ చుట్టు తిరుగు ఎద్దువలె మనిషి ఆ సుడిలో తిరుగుచునే యుండును.

ధర్మవరములో మగ్గము నేయు మన సహోదరులకు ఇది సులభముగా తెలియును. పడుగులో ఒక పోగు వదులైనయెడల మీరు మగ్గమును తిట్టరు, చీరను పారవేయరు. మగ్గము నిలిపి ఆ పోగు ఎక్కడ వదులైనదో వెదకి సరిచేయుదురు. దేహమును నేసినవాడు దేవుడు. ఒక పోగు వదులైన స్త్రీని దయ్యము పట్టినదనుట ఆయన నేతను నిందించుటయే.

ఇంకొక కారణము మన ప్రాంతములో మరీ యెక్కువ. బహిష్టు నిలుచుటకు ముందు కొందరికి అధికముగా రక్తము పోవును. దానివలన రక్తహీనత కలుగును. రక్తము తక్కువైనప్పుడు గుండె వేగముగా కొట్టుకొనును, కండ్లు తిరుగును, మెట్టు ఎక్కిన ఆయాసము వచ్చును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత యున్నది. హిందూపురములో చింతపండు గింజ తీయు పనికి వెళ్లు తల్లి, ధర్మవరములో కండెలు చుట్టు తల్లి, పెనుకొండ చుట్టు పల్లెలలో చేను కలుపు తీయు తల్లి, అందరికి పెట్టి మిగిలినది తిను తల్లి, ఈ లెక్కలో నున్నారు.

మరియొక సంగతి. గర్భసంచి తీయించుకొనుట మన రాష్ట్రములో మిక్కిలి యెక్కువ. 2015-16 సర్వేలో దేశమంతట 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు ముగ్గురికి అది తీయబడియుండగా, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు తొమ్మిదిమందికి తీయబడెను. రక్తము పోవుచున్నదనియు, పిల్లలు పుట్టిరి గదా ఇక దానితో పనియేమి యనియు ముప్పది, ముప్పదియైదు ఏండ్లకే తీయించుకొనినవారు మన సంఘములలో నున్నారు. దానితోకూడ అండాశయములును తీసివేయబడినయెడల, పది పదునైదు ఏండ్ల తరువాత మెల్లగా రావలసిన మార్పు ఒక్కసారిగా మీదపడును. అప్పుడు ఆ గుండెదడయు భయమును మరి తీవ్రముగా నుండును. శస్త్రచికిత్స తప్పనిసరియైనవారికి అది ప్రాణము కాపాడు మేలే. అయితే వైద్యులు తీయవలెనని చెప్పినప్పుడు, “మందులతో నయము కాదా? అండాశయములు ఉంచెదరా, తీసెదరా?” అని అడుగుటకు వెనుదీయవద్దు. వీలైనయెడల మరియొక వైద్యునియొద్దను విచారించుడి.

మూడవది: ప్రభువు నిలిచి వినెను.

ఇప్పుడు మార్కు 5వ అధ్యాయమునకు వత్తము. ఆ స్త్రీకి పండ్రెండేండ్లుగా రక్తస్రావము. ఆమె వ్యాధి వేరు, మనము చెప్పుకొనుచున్న మార్పు వేరు. అయినను ఆమె పడిన ఒంటరితనము మన సహోదరి పడిన ఒంటరితనమే. అనేక వైద్యులయొద్దకు తిరిగి, ఉన్నదంతయు ఖర్చుపెట్టి, బాగుపడుటకు బదులు మరి క్షీణించెను. లేవీయకాండము 15వ అధ్యాయము చొప్పున ఆమె కూర్చుండిన చోటును అపవిత్రమే. పండ్రెండేండ్లు ఎవరి ప్రక్కను కూర్చుండక బ్రదికినది. అందుచేత ఆమె వెనుకనుండి, ఎవరికి తెలియకుండ ప్రభువు వస్త్రమును ముట్టెను. వెంటనే బాగుపడెను.

ఇక్కడ మనము నిలిచి ఆలోచింపవలెను. బాగుపడినది గదా, ప్రభువు ఆమెను అట్లే పోనియ్యవచ్చును గదా? సమాజమందిరపు అధికారియైన యాయీరు ప్రక్కనే నిలిచియున్నాడు. అతని కుమార్తె చావుబ్రతుకులలో నున్నది. ఒక్కొక్క నిమిషము విలువైనది. అయినను ప్రభువు నడక ఆపి, తన్ను ముట్టినదెవరని అడిగి, చుట్టు చూచెను. ఎందుకనగా ఆమె దేహము బాగుపడినను ఆమె మాట ఇంకను లోపలనే బంధింపబడియుండెను. ఆమె భయపడి, వణకుచు వచ్చి, ఆయన యెదుట సాగిలపడి, జరిగినదంతయు చెప్పుకొనెను. పండ్రెండేండ్ల సంగతి చెప్పుటకు ఎంతసేపు పట్టియుండును? ప్రభువు అంతసేపు వినెను. జనసమూహము వినెను. యాయీరును కాచుకొనియుండెను.

ఆ తరువాత ప్రభువు ఆమెను కుమార్తె యని పిలిచెను. యాయీరునకు పండ్రెండేండ్ల కుమార్తె యున్నది; ఆమెకొరకు మొఱపెట్టుటకు తండ్రి యున్నాడు. పండ్రెండేండ్లు బాధపడిన ఈ స్త్రీకి ఎవరును లేరు. ప్రభువే ఆమెకు తండ్రివలె నిలిచెను. ఆమెను సమాధానముతో పొమ్మని పంపెను. వణకుచు వచ్చినది సమాధానముతో వెళ్లెను. వణుకునకును సమాధానమునకును నడుమ ఆమె చేసినది ఒక్కటే: దాచక చెప్పుకొనుట. ఆయన చేసినదియు ముందుగా ఒక్కటే: త్వరపడక వినుట.

స్త్రీ బాధ వినువారు లేనప్పుడు ఏమి జరుగునో మన దక్షిణ దేశపు చరిత్రయు చెప్పుచున్నది. అమెరికా మిషనెరీ కుమార్తెయైన ఐడా స్కడర్ తిండివనములో నున్న కాలమున ఒక్క రాత్రియే ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరు వచ్చి, ప్రసవవేదనలోనున్న తమ భార్యలకు సహాయము చేయుమని ఆమెను అడిగిరి. వైద్యుడైన ఆమె తండ్రి వచ్చుటకు వారు ఒప్పుకొనలేదు, పురుషుడు చూడరాదనిరి. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఆ రాత్రియే ఆమె బ్రతుకును మార్చెను. ఆమె వైద్యము నేర్చి వచ్చి 1900లో వేలూరులో పని మొదలుపెట్టి, 1918లో స్త్రీలకు వైద్యవిద్య నేర్పు పాఠశాలను స్థాపించెను. ఈనాడు మన పల్లెలనుండి ఎందరో వెళ్లి చూపించుకొను వేలూరు ఆసుపత్రి వెనుక ఆ ముగ్గురు తల్లుల మౌనమున్నది.

ఇక చేయవలసినవి.

సహోదరీ, మొదట నీవు చెప్పుకొనుము. దేవునికి చెప్పుము, ఆయనకు చెప్పినట్లే భర్తకు, కూతురికి, కోడలికి, పాస్టరమ్మగారికి చెప్పుము. పిమ్మట ఆసుపత్రికి వెళ్లుము. గుండెదడ అంతయు ఈ వయస్సు వలననే యని అనుకొనరాదు. రక్తహీనత, థైరాయిడ్ జబ్బు, రక్తపోటు, చక్కెర జబ్బు, గుండెజబ్బు వలనను అది రావచ్చును. రక్తపరీక్ష, రక్తపోటు, అవసరమైన ఇ.సి.జి. చేయించుకొనినయెడల ఏది యేదో తెలియును. ఊరిలోని ఆశా కార్యకర్తనుగాని ఏ.ఎన్.ఎం.నుగాని అడుగుము. మన మూడు పట్టణములలోను ప్రభుత్వ ఆసుపత్రులున్నవి. ధర్మవరమునకు దగ్గరనున్న బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు 2000లో ఆసుపత్రి తెరచినది మొదలు మన స్త్రీలెందరో అక్కడ చికిత్స పొందిరి. ఆవిర్లు భరింపరానంత యున్నయెడల వాటికి మందులున్నవి. అవి ఎవరికి తగునో వైద్యులే చెప్పవలెను. అంగడిలో అడిగి మాత్రలు మ్రింగవద్దు.

కొన్ని గురుతులు కనబడినయెడల ప్రార్థన ముగియువరకైనను ఆగక 108కి ఫోను చేయవలెను: ఛాతిలో నొప్పి లేక బరువు, ఆ నొప్పి చేతికిగాని దవడకుగాని ప్రాకుట, ఊపిరాడకపోవుట, స్పృహ తప్పుట, మాట తడబడుట, ఒక ప్రక్క చేయి కాలు పడిపోవుట. బహిష్టు నిలిచిన ఏడాది తరువాత మరల రక్తము కనబడినను ఆలస్యము చేయక వైద్యులకు చూపవలెను. వయస్సు మరల వచ్చినదని నవ్వి ఊరకుండరాదు.

ఇంటియొద్ద చేయదగినవియు నున్నవి. పడక నుండి ఒక్కసారిగా లేవక, ప్రక్కకు తిరిగి, ఒక నిమిషము కూర్చుండి లేవవలెను. కండ్లు తిరిగినయెడల బిందె దించి వెంటనే కూర్చుండవలెను. గుండెదడ వచ్చినప్పుడు నాలుగు లెక్కపెట్టుచు ఊపిరి తీసికొని, ఆరు లెక్కపెట్టుచు మెల్లగా విడువవలెను. కొన్ని నిమిషములు ఇట్లు చేసినయెడల భయపు సుడి నెమ్మదించును. టీ, కాఫీ తగ్గింపవలెను. పొగాకు, నశ్యము మానవలెను. అవి గుండెను త్వరపెట్టును. మన రాగిసంగటి, ఉలవలు, ఆకుకూరలు మంచి ఆహారము. ఆకుకూరమీద కొంచెము నిమ్మరసము పిండుకొనినయెడల అందలి ఇనుము ఒంటికి బాగుగా పట్టును. అన్నము తినిన వెంటనే టీ త్రాగరాదు. ఎండ తగ్గిన పిమ్మట నడచుట మేలు. అన్నిటికంటె ముందు, తల్లి కడపట కాక ఇంటివారితో కలిసి భోజనము చేయవలెను.

భర్తలారా, ఆమె విసుగుకొనినప్పుడు గొంతు పెంచవద్దు. రాత్రి ఆమె లేచి కూర్చుండినయెడల ఒక గ్లాసు నీళ్లిచ్చి ప్రక్కను కూర్చుండుడి. ఆసుపత్రికి ఆమెను ఒంటరిగా పంపక వెంట వెళ్లుడి. ఎద్దు మేత మానినయెడల ఆ దినమే పశువుల డాక్టరును పిలుచుదుము. మన పిల్లలను కనిన తల్లికొరకు నెలలు జాగు చేయుట న్యాయమా?

కాపరులారా, పెద్దలారా, ఇది ముందుగా మాకు మేము చెప్పుకొను బుద్ధి. ఎవరైనను భయము, దడ యని చెప్పినప్పుడు మొదట, “అమ్మా, అన్నము తింటివా? నిద్రపోతివా? డాక్టరుకు చూపించితివా?” అని అడుగుదము. ఏలీయా చావు కోరి బదరీచెట్టు క్రింద పడుకొనినప్పుడు దేవుడు అతని విశ్వాసమును పరీక్షింపలేదు. రొట్టె పెట్టించెను, నీళ్లు ఇచ్చెను, నిద్రపోనిచ్చెను, మరల లేపి తినిపించెను. మెల్లని స్వరము ఆ తరువాతనే వినబడెను. మాత్రలు వేసికొనువారిని విశ్వాసము లేనివారని ఎవరును అనరాదు. పౌలు వెంట నడచిన లూకా వైద్యుడు. పౌలు అతనిని ప్రియుడని పిలిచెను. రక్తపోటు, చక్కెర జబ్బు ఉన్నవారు వైద్యుని అడుగక ఉపవాసముండరాదు.

స్త్రీల మైత్రి వారికి ఒక మనవి. తీతు పత్రిక 2వ అధ్యాయములో వృద్ధ స్త్రీలు పడుచువారికి బోధింపవలెనని పౌలు వ్రాసెను. ఈ వయస్సు దాటివచ్చిన అమ్మలు నెలకొక కూడికలో, “నాకును ఇట్లే ఉండెను, దాటివచ్చితిని” అని చెప్పినచో, ఆ ఒక్క మాట ఎన్ని రాత్రుల భయమునైనను తేలిక చేయును.

మేము మొదట చెప్పిన సహోదరికి ఏమాయెనని మీరు అడుగుదురు. ఆమెను ఆసుపత్రికి తీసికొనివెళ్లితిమి. రక్తము చాలా తక్కువగా నున్నదని తేలెను. ఏడాదిగా రక్తము అధికముగా పోవుచున్నను ఆమె ఎవరికిని చెప్పియుండలేదు. చికిత్స జరిగెను, ఇనుపధాతువు మాత్రలతో కొన్ని నెలలలో కండ్లు తిరుగుట తగ్గెను. ఆవిర్లు, అప్పుడప్పుడు దడ ఇంకను ఉన్నవి. అవి ఏమిటో ఆమెకు తెలిసినది గనుక మునుపటి భయము లేదు. ఆమె మరల ఆరాధనకు వచ్చుచున్నది. గాలి తగులు వాకిలి ప్రక్కను కూర్చుండును. అందరు లేచి పాట పాడునప్పుడు నీరసముగా నున్నయెడల కూర్చుండియే పాడును. ఎవరును వెనుదిరిగి చూడరు. ఆమె ప్రక్కను ఇప్పుడు మరి ఇద్దరు కూర్చుండుచున్నారు.

ఆమెకు మేము క్షమాపణ చెప్పుకొంటిమి. “పోనీలే అయ్యగారూ, ఇప్పుడన్నా అడిగినారు” అనెను. ప్రియులారా, మన యిండ్లలో ఎందరు ఆ అడుగుటకొరకు కాచుకొనియున్నారో! ఈ ఆదివారము ఇంటికి వెళ్లి అడుగుదము.

ప్రార్థన: ప్రభువా, జనసమూహములో నిలిచి ఒక స్త్రీ మాట వినినవాడా, మా తల్లుల వణుకును నీవు ఎరుగుదువు. చెప్పుకొనుటకు వారికి ధైర్యమును, వినుటకు మాకు ఓపికను దయచేయుము. తెలియక మేము మోపిన బరువులను క్షమించుము. వైద్యుల చేతులను దీవించుము. రాత్రివేళ మేలుకొనియున్నవారికి తోడుగా నుండుము. యేసు నామమున అడుగుచున్నాము, ఆమేన్.

కుటుంబ ధ్యానమునకు:

1. యాయీరు తొందరలో నుండగా ప్రభువు ఎందుకు నిలిచెను?

2. మన యింటిలో ఎవరి బాధను వారి నోటనుండి వినక, మరియొకరి మాట విని తీర్పు చెప్పితిమి?

3. ఈ నెల ఎవరిని ఆసుపత్రికి వెంట తీసికొనివెళ్లగలము?